ఉత్తరం కింద సంతకం ఎవరిది?

మా పెద్దమ్మ కూతురు, అంటే నాకు అక్క, చీరాలలో ఉంటుంది. బావ వాళ్ళది కుప్పడం చీరల వ్యాపారం. కొన్నేళ్ళ కిందట ఆన్‌లైన్లో అమ్ముదామని ఒక చిన్న సైటు పెట్టుకున్నారు. ఇంట్లో ఒక సాఫ్ట్‌వేరు వాడు ఉండగా బయటివాళ్ళకి డబ్బులెందుకు ఇస్తారు చెప్పండి? సైటు కట్టింది నేనే. ఆర్డరు పెట్టినవాళ్ళకి మెయిళ్ళు వాటంతటవే వెళ్ళేలా స్క్రిప్టు రాసిందీ నేనే. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి కునుకు తీసేలోపు అయిపోయింది. ఎంత గొప్ప పని చేశానో అనుకున్నా.

స్క్రిప్టు చేసే పని చాలా సింపుల్. ఆర్డరు పెట్టిన ఏడో రోజు "చీర కట్టుకున్నారా, ఎలా ఉంది?" అని ఒకటి. పదో రోజు "రివ్యూ రాయడం మర్చిపోయినట్టున్నారు" అని ఇంకొకటి. పద్నాలుగో రోజు "మీ కోసం ప్రత్యేకంగా పది శాతం తగ్గింపు" అని మూడోది. మూడింటి కిందా అక్క పేరు. పంపే అడ్రసు మాత్రం "నో-రిప్లై".

ఒకావిడ వాళ్ళ అమ్మానాన్నల షష్టిపూర్తికని చీర తీసుకుంది. కొరియర్ వాడి దగ్గర పార్సిల్ ఇరుక్కుపోయింది. ఏడో రోజు నా స్క్రిప్టు ఆవిడని చీర కట్టుకున్నారా అని అడిగింది. చీర ఇంకా రాలేదు, శుక్రవారం ఫంక్షను, కాస్త చూడండి అని ఆవిడ ఆ మెయిల్‌కే జవాబు రాసింది. ఆ జవాబు ఎక్కడికి పోయిందో మీకు తెలుసు. పదో రోజు, రివ్యూ మర్చిపోయారు అని నా స్క్రిప్టు ఆవిడకి గుర్తు చేసింది. అప్పటికి ఫంక్షను అయిపోయింది. పద్నాలుగో రోజు డిస్కౌంటు కూపన్ వెళ్ళింది. అప్పుడు ఆవిడ సైట్లో నంబరు వెతుక్కుని అక్కకి ఫోన్ చేసింది. తిట్టలేదట. ఏడ్చిందట.

అక్క కూడా నన్ను తిట్టలేదు. ఒకే మాటంది. "ఆ ఉత్తరం కింద నా పేరు పెట్టావు కదరా. ఆవిడ నాకు రాస్తే నేను పలకలేదనుకుంది."

ఇంజనీరు బుర్ర కదా, తప్పు చేశాక మొట్టమొదట చేసే పని ఇదే తప్పు ఇంతకుముందు ఎవరెవరు చేశారో వెతకడం. ఆ రాత్రి మొదలుపెట్టిన వెతుకులాట నన్ను వందేళ్ళకు పైగా వెనక్కి తీసుకుపోయింది. బోలెడు ఆసక్తికరమైన విషయాలు దొరికాయి. అవే ఇక్కడ రాస్తున్నా.

ముందుగా తెలిసిందేంటంటే, ఫాలో-అప్ అనేది మన కంప్యూటర్ల వాళ్ళు కనిపెట్టింది కాదు. 1872లో షికాగోలో మాంట్‌గమరీ వార్డ్ ఒకే ఒక్క కాగితం మీద ధరల పట్టీ అచ్చేసి, పోస్టులో సరుకులు అమ్మడం మొదలుపెట్టాడు. కొనేవాడు కొట్టుకి రాడు, అమ్మేవాడి మొహం చూడడు. మధ్యలో ఉన్నది ఉత్తరం ఒక్కటే. ఇప్పటి ఈ-కామర్సు కష్టాలన్నీ అప్పుడే పుట్టాయన్నమాట. నమ్మకం ఎలా కలిగించాలి, అడిగి ఊరుకున్నవాణ్ణి మళ్ళీ ఎలా పలకరించాలి, నచ్చకపోతే ఏం చెయ్యాలి... అన్నీ.

పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్లో 1891లో మొదలైన ఇంటర్నేషనల్ కరస్పాండెన్స్ స్కూల్స్ లాంటి సంస్థలు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పోస్టు ద్వారా వ్యాపారం చేసిన కంపెనీలు, ఈ పలకరింపుని ఒక పద్ధతిలో పెట్టాయి. వివరాలు అడుగుతూ ఎవరైనా ఉత్తరం రాస్తే వాళ్ళ పేరున ఒక కార్డు. ఆ కార్డుల్ని తేదీల వారీగా ఒక డబ్బాలో సర్దేవాళ్ళు. ప్రతి రోజూ పొద్దున్నే ఆ రోజు తేదీ వెనక ఉన్న కార్డులు తీసి, ఎవరికి ఎన్నో ఉత్తరం వెళ్ళాలో చూసి, ముందే రాసి పెట్టుకున్న నమూనా ఉత్తరం టైపు చేసి పంపి, కార్డుని తర్వాతి తేదీకి జరిపేవాళ్ళు. మనం క్రాన్ జాబ్ అంటున్నామే, అదే. కాకపోతే దాన్ని నడిపింది ఒక గుమాస్తా.

ఇక్కడ నాకు తట్టిన విషయం ఒకటుంది. ఆ డబ్బా పద్ధతిలో జవాబు వస్తే ఏం జరుగుతుంది? జవాబు వచ్చేది కూడా అదే ఆఫీసుకి. ఎవరో ఒకరు కవరు చింపాలి, చదవాలి, ఆ మనిషి కార్డు డబ్బాలోంచి తియ్యాలి. కొన్నవాడి కార్డు వేరే సొరుగులోకి వెళ్తుంది, ఫిర్యాదు చేసినవాడిది ఇంకో బల్ల మీదకి. అంటే పంపడం ఎంత యాంత్రికంగా సాగినా, ఆపడం మాత్రం మనిషి చేతిలోనే ఉండేది. ఆ కాలం వాళ్ళు మహాత్ములని కాదు నేను చెప్పేది. ప్రతి ఉత్తరానికీ స్టాంపు ఖర్చు అయ్యేది. అక్కర్లేనివాడికి రాస్తే నష్టం తమకే. ఆ స్టాంపే వాళ్ళని హద్దులో పెట్టింది.

ఎలా రాయాలి అన్నదాని మీద కూడా వాళ్ళు అప్పుడే బాగా బుర్రపెట్టారు. క్లాడ్ హాప్కిన్స్ 1923లో రాసిన 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్' తిరగేస్తే, ఏ ప్రకటనకి ఎన్ని కూపన్లు తిరిగొచ్చాయో లెక్కపెట్టి చూడాలన్న సంగతి కనపడుతుంది. మనం ఏ/బీ టెస్టింగ్ అని మీటింగుల్లో గొప్పగా చెప్పుకునేది అదే. మార్టిన్ కన్రాయ్ అనే ఆయన వాల్ స్ట్రీట్ జర్నల్ చందాల కోసం రాసిన ఉత్తరాన్ని 1975 నుంచి 2003 వరకు, అంటే 28 ఏళ్ళు, పెద్దగా మార్చకుండా వాడారు. ఒకే కాలేజీలో చదువుకున్న ఇద్దరు కుర్రాళ్ళు పాతికేళ్ళ తర్వాత కలుసుకున్న కథ అది. పేపరు గొప్పతనం గురించి మొదలుపెట్టదు, చదివేవాడి బతుకు గురించి మొదలుపెడుతుంది. 28 ఏళ్ళు ప్రొడక్షన్లో ఉన్న కోడు మనలో ఎవరైనా రాశామా?

సరే, మన కాలానికి వద్దాం. 1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి మెయిల్ పంపాడు. స్టాంపు పోయింది. ఏడేళ్ళు కూడా ఆగలేదు మనవాళ్ళు. 1978 మే నెలలో డెక్ కంపెనీ మార్కెటింగ్ మనిషి గ్యారీ థర్క్, కాలిఫోర్నియాలో తమ కొత్త మెషీన్ల ప్రదర్శనకి రమ్మని ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే మెయిల్ పంపాడు. అచ్చులో ఉన్న డైరెక్టరీ చూసి అడ్రసులు ఒక్కొక్కటీ టైపు చేయించారు. అన్ని అడ్రసులు పెట్టే చోట పట్టక, మిగిలినవి ఒలికిపోయి ఉత్తరం లోపలికి వచ్చేశాయి. బఫర్ ఓవర్‌ఫ్లోతో మొదలైందన్నమాట మన ఈ-మెయిల్ మార్కెటింగ్. ఆర్పానెట్ నడిపే మిలిటరీ వాళ్ళ నుంచి చీవాట్లు పడ్డాయి. అయితే దానివల్ల కోట్ల డాలర్ల అమ్మకాలు జరిగాయని థర్క్ తర్వాత చెప్పుకున్నాడు. చీవాట్లు, అమ్మకాలు, రెండూ ఒకే మెయిల్‌కి! ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది దీని తర్వాతి అధ్యాయం. 1980లలో బర్కిలీ యూనిక్స్‌లో 'వెకేషన్' అని ఒక చిన్న ప్రోగ్రాం వచ్చింది. మీరు సెలవులో ఉన్నప్పుడు మెయిల్ వస్తే, నేను ఊళ్ళో లేను అని తనే జవాబిస్తుంది. దాని మాన్యువల్ పేజీ ఒకసారి చదవండి. జవాబు పంపడం గురించి ఉన్నది చాలా తక్కువ. మిగతాదంతా ఎప్పుడు పంపకూడదు అన్నదే. ఒకే మనిషికి వారంలో ఒకసారి కంటే ఎక్కువ పంపదు, ఎవరికి పంపిందో ఒక చిన్న డేటాబేసులో రాసి పెట్టుకుంటుంది. మెయిల్ గ్రహీతల్లో మీ పేరు స్పష్టంగా లేకపోతే పంపదు. పోస్ట్‌మాస్టరుకి పంపదు, మెయిలర్-డీమన్‌కి పంపదు. 'ప్రెసిడెన్స్: బల్క్' అని హెడర్ ఉంటే నోరెత్తదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, రెండు యంత్రాలు ఒకదానికొకటి జవాబులిచ్చుకోవడం మొదలుపెడితే తెల్లారేసరికి డిస్కు నిండిపోతుంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821లోనే దీనికి విరుగుడు ఉంది. మెయిల్ చేరలేదని చెప్పే మెయిల్‌కి పంపినవారి అడ్రసు ఖాళీగా వదిలెయ్యొచ్చు. అప్పుడు దానికి తిరుగు జవాబు పుట్టదు. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3834 ఈ మర్యాదలన్నిటినీ ఒకచోట చేర్చి, యంత్రం రాసిన మెయిల్ మీద 'ఆటో-సబ్‌మిటెడ్' అని ముద్ర వెయ్యమంది. నా స్క్రిప్టులో ఇవేవీ లేవు. ఉన్న లైన్లన్నీ పంపడానికే. ఆపడానికి ఒక్క 'ఇఫ్' కూడా రాయలేదు.

అదే కాలంలో, 1986లో, ఎరిక్ థామస్ అనే విద్యార్థి పారిస్‌లో ఉండగా బిట్‌నెట్ కోసం లిస్ట్‌సర్వ్ రాశాడు. జాబితాలో చేరాలంటే ఒక ఆజ్ఞ, వెళ్ళిపోవాలంటే 'సైన్ఆఫ్' అని ఇంకో ఆజ్ఞ మెయిల్లో రాసి పంపితే చాలు. యంత్రం చదివి మాట వినేది. తలుపు లోపలికి ఎలా తెరుచుకుంటుందో బయటికీ అలాగే తెరుచుకునేది.

ఆ తలుపుని మూసేసిన రోజంటూ ఒకటుంటే అది 1994 ఏప్రిల్ 12. ఆరిజోనాలో లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ అనే లాయరు దంపతులు గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తు పెట్టిపెడతామని యూజ్‌నెట్‌లో ప్రకటన వేశారు. ఒక పెర్ల్ స్క్రిప్టు రాయించి, వేల న్యూస్‌గ్రూపుల్లో ప్రతిదానిలోనూ విడివిడిగా వేయించారు. ఎక్కడికి వెళ్ళినా అదే. అసలు ఆ లాటరీకి ఎవరి దరఖాస్తు వాళ్ళే పంపుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. (ఇండియాలో పుట్టినవాళ్ళకి ఆ లాటరీలో ఎలాగూ చోటు లేదు. మన క్యూ వేరు, మన గోల వేరు!) జనం కోపంతో పంపిన జవాబులకి వాళ్ళ ఇంటర్నెట్ కంపెనీ మెయిల్ సర్వర్లు పదేపదే కూలిపోయాయి. చివరికి ఆ కంపెనీయే వాళ్ళ అకౌంటు పీకేసింది. నార్వేలో ఒక కుర్రాడు వాళ్ళ ప్రకటనల్ని వెతికి వెతికి రద్దుచేసే ప్రోగ్రాం రాశాడు. వాళ్ళు మాత్రం అదే ఏడు ఇంటర్నెట్‌లో డబ్బు ఎలా సంపాదించాలో పుస్తకం వేశారు. 1997లో కాంటర్ టెనెసీలో లాయరు లైసెన్సు పోగొట్టుకున్నాడు, కారణాల్లో ఈ ప్రకటన ఒకటి.

ఇది చదువుతుంటే నాకు ఒళ్ళు కాస్త చల్లబడింది. ఎందుకంటే ఆ పెర్ల్ స్క్రిప్టుకీ నా పైథాన్ స్క్రిప్టుకీ తేడా సైజులోనే తప్ప స్వభావంలో పెద్దగా లేదు. రెండూ చెప్తాయి, రెండూ వినవు.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తా. 1998లో టామ్ కుల్జర్ మొదలుపెట్టిన ఏవెబర్ లాంటి సర్వీసులు, మొదటి రోజు ఒకటి, మూడో రోజు ఒకటి అని వరసగా మెయిళ్ళు పంపే ఆటోరెస్పాండర్లని చిన్న వ్యాపారుల చేతికిచ్చాయి. స్క్రాంటన్ కార్డుల డబ్బా మళ్ళీ పుట్టింది, గుమాస్తా లేకుండా. 1999లో సేత్ గోడిన్ 'పర్మిషన్ మార్కెటింగ్' అని పుస్తకం రాసి, ముందు అడిగి తర్వాత పంపండి బాబూ అన్నాడు. 2001లో మెయిల్‌చింప్ మొదలైంది. 2002లో పాల్ గ్రాహం, స్పామ్‌ని పదాల సంభావ్యతలతో పట్టుకోవచ్చని వ్యాసం రాశాడు. 2003 డిసెంబర్లో అమెరికాలో కాన్-స్పామ్ చట్టం మీద సంతకం పడింది. అబద్ధపు సబ్జెక్టు పెట్టకూడదు, అసలు పోస్టల్ అడ్రసు ఉండాలి, వద్దన్నవాళ్ళని పది పనిదినాల్లోపు వదిలెయ్యాలి. మన దేశంలో ఐటీ చట్టానికి 2008లో చేర్చిన 66ఏ సెక్షన్లో విసిగించే మెయిళ్ళ ప్రస్తావన ఉండేది, కానీ ఆ సెక్షన్ని జనం ఫేస్‌బుక్ రాతల మీద కేసులు పెట్టడానికి వాడారు. 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మంచిదే అయింది.

ఈ మధ్యలో ఒక చిన్న వ్యాపారం కథ ఉంది, అది మాత్రం తీరిగ్గా చెప్పాలి. డెరెక్ సివర్స్ అనే సంగీతకారుడు తన సీడీ తనే అమ్ముకోవడానికి న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో ఒక సైటు పెట్టాడు. స్నేహితులు మావీ అమ్మిపెట్టు అన్నారు. అలా 1998లో సీడీ బేబీ తయారైంది. మొదట్లో అందరిలాగే, మీ ఆర్డరు పంపాము, ధన్యవాదాలు అని ఆటోమేటిక్ మెయిల్ వెళ్ళేది. కొన్నాళ్ళకి ఆయనకే అది చప్పగా అనిపించి, ఓ ఇరవై నిమిషాలు కూర్చుని కొత్తది రాశాడు. మీ సీడీని చేతి తొడుగులు వేసుకుని అలమరలోంచి మెల్లగా తీశామని, యాభై మంది పరీక్షించారని, కొవ్వొత్తి వెలిగించి బంగారు పూత పెట్టెలో పెట్టామని, ఊరంతా ఊరేగింపుగా పోస్టాఫీసుకి సాగనంపారని, మా సొంత విమానంలో బయల్దేరిందని. అంతా కోతలే అని చదివేవాళ్ళకీ తెలుసు. అయినా ఆ మెయిల్‌ని జనం ఒకరికొకరు చూపించుకున్నారు, సైట్లలో పెట్టుకున్నారు. దానివల్లే వేల మంది కొత్త కస్టమర్లు వచ్చారని ఆయన తన 2011 నాటి పుస్తకంలో చెప్పుకున్నాడు. 2008లో కంపెనీని 2.2 కోట్ల డాలర్లకి అమ్మేశాడు.

మార్కెటింగ్ వాళ్ళందరూ ఈ కథలోంచి తీసే నీతి, మెయిల్ సరదాగా రాయండి అని. మొదట నేనూ అదే అనుకున్నా. కానీ అదే మనిషి ఇంకో సంగతి కూడా చెప్పాడు. వాళ్ళ ఆఫీసులో ఫోను రెండు రింగుల్లో ఎత్తేవాళ్ళట, ఎత్తేది మనిషేనట. అదీ అసలు కిటుకు. ఆ హాస్యం వెనక మనిషి ఉన్నాడు కాబట్టే అది హాస్యం అయింది. చీర అందని ఆవిడకి నా స్క్రిప్టు అదే సొంత విమానం జోకు పంపి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

చివరికి ఏమైందంటే, మర్యాదగా అడిగితే వినని మనల్ని మెయిల్‌బాక్సుల వాళ్ళే దారికి తెచ్చారు. 'లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్' అనే హెడర్ 1998లోనే ఆర్‌ఎఫ్‌సీ 2369లో ఉంది. ఒక్క నొక్కుతో వదిలించుకునే పద్ధతి 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8058గా వచ్చింది. పెట్టినవాడు పెట్టాడు, పెట్టనివాడు పెట్టలేదు. 2024లో గూగుల్, యాహూ కలిసి పెద్ద ఎత్తున పంపేవాళ్ళకి దాన్ని తప్పనిసరి చేశాయి. జీమెయిల్ వాళ్ళ లెక్కలో అంటే రోజుకి 5000 పైన. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఉండాలి, వద్దన్నవాళ్ళని రెండు రోజుల్లో వదిలెయ్యాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. ఇంకోపక్క 2021లో యాపిల్ తన మెయిల్లో బొమ్మల్ని ముందే లాగేసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. దాంతో ఎవరు మెయిల్ తెరిచారో చెప్పే లెక్క నమ్మకం లేకుండా పోయింది. నాకైతే ఇందులో ఒక న్యాయం కనపడింది. తెరిచారా లేదా అని దొంగచాటుగా చూడ్డం పోతే, ఇక మిగిలిన నిజమైన కొలత ఒక్కటే. మనిషి తిరిగి రాశాడా లేదా.

వందేళ్ళ చరిత్రని ఒక ముక్కలో చెప్పమంటే నేను ఇలా చెప్తా. పంపడం ప్రతి తరంలోనూ చవకైంది. వినడం ఏ తరంలోనూ చవక కాలేదు. కవరు చింపి చదవడానికి 1900లో ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. చవకైనదాన్ని మాత్రమే ఉంచుకుని ఖరీదైనదాన్ని తీసేసినప్పుడల్లా జనం తిరగబడ్డారు. నో-రిప్లై అంటే అదే కదా, నేను మాట్లాడతా, నువ్వు మాట్లాడకు అని.

ఇక నా స్క్రిప్టు సంగతి. మూడు మెయిళ్ళు ఒకటైంది. ఆర్డరు పెట్టిన తేదీ నుంచి కాకుండా, కొరియర్ వాడు డెలివరీ అయిందని చెప్పిన తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. డెలివరీ ఆలస్యమైతే కస్టమరుకి కాదు, ముందు అక్కకి మెసేజి వెళ్తుంది. ఆ మనిషి నుంచి ఏ మెయిల్ వచ్చినా, వాపసు అడిగినా, ఆ రోజుతో స్క్రిప్టు నోరు మూసుకుంటుంది. నో-రిప్లై తీసేసి అక్క రోజూ చూసే అడ్రసే పెట్టాం. ఇప్పుడు పంపేది నాలుగు లైన్లు, పంపకుండా ఆపేది నలభై లైన్లు. బర్కిలీ వాళ్ళు చూస్తే సంతోషిస్తారు.

ఉత్తరం కూడా నేను రాయలేదు. అక్కనే రాయమన్నా. "చీర అందిందని కొరియర్ వాళ్ళు చెప్పారు. అందకపోయినా, రంగు ఫోటోలో చూసినట్టు లేకపోయినా దీనికే జవాబు రాయండి, చదివేది నేనే" అని మొదలుపెట్టి, చీర ఎలా మడతపెట్టి దాచుకోవాలో రెండు ముక్కలు రాసింది. రివ్యూ ఊసే లేదు. పెడదామక్కా అంటే, "వాళ్ళింట్లో ఫంక్షను ఎలా జరిగిందో అడగని దాన్ని, నాకు మార్కులెయ్యమని ఎలా అడుగుతారా" అంది.

జవాబులు వస్తున్నాయి. ఒకరు జాకెట్టు ముక్క గురించి అడిగారు. ఒకరు పెళ్ళి ఫోటో పంపారు. ఒకరు అంచు దారం లేచిందని ఫిర్యాదు చేశారు, దానికి బావ మగ్గం దగ్గరికి వెళ్ళొచ్చాడు. అక్కకి రోజూ రాత్రి ఒక గంట ఇదే పని. అది ఆటోమేట్ చెయ్యనా అని అడగలేదు. ఈ రోజుల్లో జవాబు రాయడానికి కూడా యంత్రాలు వచ్చాయని, రాసేది మనిషో కాదో కనిపెట్టడం కష్టమని నాకు తెలుసు. అక్కకి చెప్పలేదు, చెప్తే ఏమంటుందో కూడా తెలుసు.

షష్టిపూర్తి ఆవిడకి అక్క డబ్బులు వాపసు ఇచ్చింది. చీర మాత్రం ఆవిడే ఉంచుకుంది, అమ్మ పుట్టినరోజుకి పెడతానని. ఆవిడ నో-రిప్లైకి రాసిన ఆ జవాబు సర్వర్లో ఇంకా ఉంది. నేను డిలీట్ చెయ్యలేదు.

మీరు కూడా ఇలాంటి మెయిళ్ళు పంపే సిస్టమ్స్ మీద పనిచేస్తుంటే, రేపు ఆఫీసుకి వెళ్ళగానే ఒక పని చెయ్యండి. మీ నో-రిప్లై బాక్సు తెరిచి చూడండి. అందులో ఎవరో మీకోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు.